నోట్లె నువ్వుగింజ: పాలమూరు, నల్లగొండ నుడికారంలో పనితనం

రహస్యం దాచలేని మనిషిని ఇంగ్లిష్ వాళ్లు చిక్కుడు గింజలు ఒలకబోశాడంటారు. ‘స్పిల్ ద బీన్స్’ అనే ఈ మాట ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో అమెరికాలో వాడుకకెక్కింది. ఇవాళ హైదరాబాద్ ఆఫీసుల్లో, సినిమా ఇంటర్వ్యూల్లో మన చెవినా తరచుగా పడుతోంది. అటువంటి మనిషి గురించే నాగర్‌కర్నూల్ దగ్గరో దేవరకొండ దగ్గరో అడిగి చూడండి. “వానికి చెప్పకు, వాని నోట్లె నువ్వుగింజ నానదు” అంటారు. రెండు భాషలూ గింజనే అందుకున్నాయి. అయితే ఇంగ్లిష్ మాటలో గింజలు అప్పటికే నేలపాలయ్యాయి, జరిగిన నష్టాన్ని అది చెబుతుంది. తెలుగు మాట జరగక ముందే హెచ్చరిస్తుంది. నువ్వుగింజ ఎంతని? చిటికెన వేలి గోరు మీద నాలుగైదు పడతాయి. నోట్లో వేసుకుంటే నానడానికి ఎంతోసేపు పట్టదు. ఆ కాసేపైనా నోరు మూసుకుని ఉండలేడని మనిషిని కొలిచిన కొలత అది.

చెవితో వినండి మరి. నో, ను, నా. నాలుక పళ్ల వెనక మూడుసార్లు తాకుతుంది, మూడుసార్లూ అచ్చు మారుతుంది, చివర ‘నానదు’ అని తెగుతుంది. మూడు మాటల్లో హెచ్చరిక, కొలత, ప్రాస అన్నీ కుదిరాయి. పేరు తెలియని ఎవరో ఒకరు దీన్ని మొదటిసారి అని ఉంటారు. ఆ తర్వాత కొన్ని తరాల నోళ్లు దీనిలోని అదనపు మాటలన్నీ అరగదీసి ఇంత పొట్టిగా చేశాయి. ఈ మాట తెలుగునాడంతా ఉన్నదే. పాలమూరు, నల్లగొండ మెట్టభూముల్లో నువ్వులు వేసేవాళ్లు అన్నప్పుడు మాత్రం గింజ బరువు తెలిసినవాళ్ల మాటలా వినిపిస్తుంది.

జాతీయాల్ని నేను పనితనంగానే చూస్తాను. ఆ చూపు లేకుండా వాటిని నేర్పడం కుదరదని కూడా నమ్ముతాను. మన గైడు పుస్తకాల్లో ఇంగ్లిష్ జాతీయాలకు రెండు నిలువు గళ్లు గీస్తారు. ఎడమ గడిలో జాతీయం, కుడి గడిలో అర్థం. పిల్లలు రెండూ కంఠస్థం చేస్తారు, పరీక్షలో రాస్తారు, ఆ తర్వాత జీవితంలో ఒక్కసారి కూడా వాడరు. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఏ గొంతుతో అంటారో ఆ గళ్లలో ఉండదు గనుక. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలయింది. కొల్లాపూర్ పిల్లకైనా మిర్యాలగూడ పిల్లవాడికైనా ఇంగ్లిష్ జాతీయం ఇప్పుడు ఇంటి గడపలోకి వచ్చిన చుట్టం. ఆ చుట్టానికి ఇంట్లో ఉన్నవాళ్లను పరిచయం చేసే పని ఎవరో ఒకరు చేయాలి.

ఈ పరిచయం పని ఒకాయన ఎప్పుడో మొదలుపెట్టాడు. కెప్టెన్ ఎం. డబ్ల్యు. కార్ అనే సైనికాధికారి 1868లో మద్రాసులో ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ అచ్చు వేయించాడు. రెండు వేలకు పైగా తెలుగు సామెతల్ని అకారాది క్రమంలో పేర్చి, ఒక్కొక్కదాని కింద ఇంగ్లిష్ అనువాదం ఇచ్చాడు. అవసరమైన చోట సందర్భం వివరించాడు, దగ్గరి సామెత ఇంగ్లిష్‌లోనో మరో యూరప్ భాషలోనో దొరికితే పక్కన నిలబెట్టాడు. దొరకని చోట బలవంతాన అతికించలేదు. ఆ నిగ్రహమే నాకు ఎక్కువగా నచ్చుతుంది. పైకి ఒకేలా కనిపించే రెండు మాటలు లోపల వేరువేరు పనులు చేస్తుంటాయి. జంట కలిపేవాడు ఆ సంగతి గమనించకపోతే నేర్చుకునేవాడు దారి తప్పుతాడు.

ఒకటి చూపిస్తాను. “ఏరు దాటినంక తెప్ప తగలవెట్టినట్టు” అంటారు మనవాళ్లు. ఇంగ్లిష్‌లో కూడా పడవలు తగలబెట్టడం ఉంది, వంతెనలు తగలబెట్టడమూ ఉంది. బొమ్మ ఒకటే, నీళ్లు, దాటడం, మంట. కానీ ఇంగ్లిష్ మాటకు వెనకడుగు వేసే దారి లేకుండా చేసుకోవడమని అర్థం. 1519లో మెక్సికో తీరాన దిగిన హెర్నాన్ కోర్టెస్ తన ఓడల్ని పనికిరాకుండా చేయించిన కథను దాని పక్కన చెబుతుంటారు. అందులో తెగువ ఉంది. తెలుగు మాటలో తెగువ లేదు, కృతఘ్నత ఉంది. దాటించిన తెప్పను, అక్కర తీరగానే కాల్చేసిన మనిషి మీద వేసిన నింద అది. ఊళ్లో చదివించిన పెదనాయనను, కొలువు దొరికినంక పలకరించని కొడుకు గురించి అనే మాట. దీన్ని దానికి జంట చేస్తే పెద్ద పొరపాటు. ఉద్యోగం మానేసేటప్పుడు ‘వంతెనలు తగలబెట్టుకోకు’ అని ఇంగ్లిష్‌లో ఇచ్చే సలహా మాత్రం తెలుగు మాటకు కొంచెం దగ్గరికి వస్తుంది. అక్కడ కూడా భయం రేపటి అవసరం గురించే. తెప్ప మాటలో ఉన్నది నిన్నటి రుణం.

అంత దూరమని కనిపించేవి లోపల ఒకటే అయిన సందర్భాలూ ఉన్నాయి. గాయం మీద ఉప్పు రుద్దడం ఇంగ్లిష్ వాళ్లది, పుండు మీద కారం చల్లడం మనది. మిరపకాయ మన దేశానికి పోర్చుగీసుల రాక తర్వాతే వచ్చింది కాబట్టి ఈ మాట వయసు అయిదొందల ఏళ్లకు మించదని అనిపిస్తుంది. కానీ ‘కారం’ అనే మాట ‘క్షారం’ నుంచి వచ్చింది. సంస్కృతంలోనూ పుండు మీద క్షారం వేయడమనే నానుడి ఉంది. మిరపకాయ దిగక ముందు ఈ మాటలో ఉన్నది ఉప్పులాంటి క్షారమే అయి ఉండాలి. ఆ లెక్కన రెండు భాషలూ ఒకే పుండు మీద ఒకే చేయి వేశాయి. తర్వాత మనకు మిరప దొరికింది, మంట పెరిగింది, మాట మాత్రం మారలేదు.

పాలమూరు మాటకు వద్దాం. ‘చెట్టు లేని ఊళ్లె ఆముదపు చెట్టే మహావృక్షం.’ ఇది కూడా అందరి మాటే, సంస్కృతంలోనూ ఉంది. అయినా దీనికి సొంత ఊరు ఎక్కడని అడిగితే నేను ఈ రెండు జిల్లాలనే చూపిస్తాను. పత్తి విస్తరించక ముందు ఇక్కడి ఎర్ర చెల్కల్లో ఆముదం ప్రధాన పంట. బిజినేపల్లి మండలం పాలెంలోని వ్యవసాయ పరిశోధన స్థానం ఆముదం రకాల మీద దశాబ్దాలుగా పనిచేస్తోంది. ఆ మొక్క ఎంత ఎదుగుతుందో, కొమ్మ పట్టుకుంటే ఎంత తేలిగ్గా విరిగిపోతుందో, దాని నీడ ఎంత పలచనో ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇందులోని పనితనమంతా చివరి మాటలో ఉంది. చెట్టు, ఊరు, ఆముదం, అన్నీ పొలంగట్టు మాటలు. అవి నడిచి నడిచి చివర ‘మహావృక్షం’ దగ్గర ఒక్కసారిగా పురాణం చెప్పే గొంతులోకి ఎక్కుతాయి. ఆ ఎక్కడంలోనే దెబ్బ ఉంది. ‘పెద్ద చెట్టు’ అని మార్చి చూడండి, మాట చప్పబడిపోతుంది. ఇంగ్లిష్‌లో దీని జోడీ గుడ్డివాళ్ల దేశంలో ఒంటికన్ను వాడే రాజు. ఎరాస్మస్ లాటిన్ నానుడుల సంకలనం ద్వారా యూరప్ అంతా తిరిగిన మాట. దానిలో రాజు నిజంగానే రాజు, ఒక కన్ను ఉన్న మేరకు అతనికి శక్తి ఉంది. ఆముదపు చెట్టుకు అదీ లేదు, పక్కన వేరే చెట్టు లేకపోవడమొక్కటే దాని గొప్ప. అందుకే ఈ మాటను మనిషి మొహం మీద అనరు. అంటే కొట్లాటే. తన గురించి తాను అనుకోవడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. “మా ఊళ్లె సదువుకున్నోళ్లు లేక నన్ను పిలిచిండ్రు గని, నేను ఆముదపు చెట్టునే సారూ” అని పెద్దమనుషులు వినయంగా అంటారు. అదే జాతీయం వేలు తిప్పితే వినయం, వేలు చూపితే నింద.

బిజినేపల్లి పేరు వచ్చింది కాబట్టి ఆ ఊరి మనిషి గురించి ఆగి చెప్పాలి. పాకాల యశోదారెడ్డి 1929లో అక్కడ పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులుగా పనిచేశారు, హరివంశాల మీద పరిశోధన చేశారు. అంత పాండిత్యం ఉన్న మనిషి కథలు రాయడానికి కూర్చుంటే పాండిత్యం పక్కన పెట్టి పాలమూరు అమ్మలక్కల నోటి మాట ఎత్తుకున్నారు. 1973లో ‘మావూరి ముచ్చట్లు’, 1999లో ‘ఎచ్చమ్మ కతలు’ వచ్చాయి. అప్పటికి చాలామంది రచయితలు యాసను సంభాషణల్లో ఉప్పులా చల్లి, కథనాన్ని మాత్రం పుస్తకాల భాషలో నడిపేవారు. ఆమె కథనమే ఆ నుడిలో నడిచింది. దీన్ని ధైర్యం అని మెచ్చుకుంటారు, ధైర్యమే. నాకు మాత్రం అంతకన్నా అది చేతిపని నేర్పుగా కనిపిస్తుంది. జాతీయం సంభాషణలో ఒంటరిగా వస్తే అలంకారంలా మెరుస్తుంది. కథనంలో వరసగా వస్తే ఒకదాన్ని ఒకటి మింగేయకుండా చూసుకోవాలి, ఊపిరి ఆడాలి, కథ ముందుకు నడవాలి. వాకిట్లో కూర్చుని ముచ్చట చెప్పే ఆడవాళ్లకు ఆ లయ పుట్టుకతో వచ్చినట్టు ఉంటుంది. దాన్ని కాగితం మీద పట్టడం ఎంత కష్టమో రాసేవాళ్లకే తెలుసు.

ఆ లయలో అతుకులకు పెద్ద పాత్ర ఉంది. జాతీయాన్ని వాక్యంలో దించడానికి ఇక్కడివాళ్ల దగ్గర మూడు నాలుగు పనిముట్లు ఉన్నాయి. ‘అన్నట్టు’ ఒకటి. ‘లెక్క’ ఇంకొకటి, “గోడ మీది పిల్లి లెక్క సూస్తుండు” అన్నప్పటి ‘లెక్క’. కథలా మొదలుపెట్టాలంటే ‘ఎనకటికి’ ఉండనే ఉంది. అన్నిటికన్నా ముచ్చటైన పని సగం చెప్పి వదిలేయడం. “ఆడలేక…” అని ఆగుతారు. మద్దెల ఓడు సంగతి వినేవాడే పూరించుకోవాలి. అన్నవాళ్లకు నింద వేసిన దోషం లేదు, విన్నవాళ్లకు తప్పించుకునే దారీ లేదు. ఇంగ్లిష్ వాళ్లు కూడా ‘రోమ్‌లో ఉన్నప్పుడు’ అని అక్కడితో ఆపేస్తారు. వినేవాడికి మిగతా సగం తెలుసన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే. ఆ సగం తెలియని పిల్లకు గైడు పుస్తకం మొత్తం వాక్యమే నేర్పుతుంది, సగంలో ఆగడం ఎవరూ నేర్పరు.

వ్యాకరణమూ జాతీయంలో భాగమే. పుట్టి మునగడం తీసుకోండి. పుట్టి అంటే వెదురు బద్దలతో గుండ్రంగా అల్లిన పడవ. పూర్వం అడుగున తోలు తొడిగేవారు, తర్వాత పట్టా, తారు వచ్చాయి. మక్తల్ వైపు కృష్ణ మధ్యలోని కురువాపురం దత్తక్షేత్రానికి జనం పుట్టిలో దాటడం ఆ ప్రాంతమంతా ఎరిగిందే. చుక్కాని లేదు, ముక్కు లేదు, ఒక్క తెడ్డుతో తిప్పుతూ తీసుకుపోవాలి. మునిగితే మిగిలేదేమీ ఉండదు. ఇంత పెద్ద ఆపదను మనవాళ్లు మాటలో పెట్టి, నిజమైన ఆపద వచ్చినప్పుడు మాత్రం దాన్ని వాడరు! ఎవరైనా చనిపోతే, ఇల్లు కాలితే “పుట్టి మునిగింది” అని పరామర్శించిన మనిషిని నేను చూడలేదు. ఇది ప్రశ్నగానో కాదనడంగానో ఎక్కువ బతుకుతుంది. అన్నం సగంలో లేచి బస్సుకు ఉరికే పిల్లవానితో, “ఏం పుట్టి మునిగింది బిడ్డా, నిమ్మళంగ తిను” అంటుంది అమ్మమ్మ. “రేపు పోతే పుట్టేం మునగదు” అంటాడు పెద్దాయన. అందులో కోపం తక్కువ, బుజ్జగింపు ఎక్కువ. ఇంగ్లిష్‌లో ఆకాశం విరిగి పడదనే మాట ఇటువంటిదే, అదీ ఎక్కువగా ‘పడదు’ అనే బతుకుతుంది. అర్థం గడిలో ‘పెద్ద ఆపద కలిగింది’ అని రాసిచ్చే పుస్తకం పిల్లల్ని పరామర్శకు పోయి పరువు పోగొట్టుకునేలా తయారు చేస్తుంది.

కొన్నింటి మీద ఎక్కువ ఆగను. కాలికి బలపం కట్టుకొని తిరగడం, నల్లేరు మీద బండి నడక, చెవిలో ఇల్లు కట్టుకొని పోరడం, ఇవన్నీ ఎక్కడి తెలుగువాళ్లకైనా పరిచయమే. ఆగవలసింది కరువు నేర్పిన మాటల దగ్గర.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో సగటు వానపాతం ఏడాదికి 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదీ సమయానికి పడితే. అందుకే ఇక్కడ వాన గురించి చెప్పడానికి ‘కాలం’ అనే మాట చాలు. “ఈ ఏడు కాలం గాలే” అంటే వానలు పడలేదని, పంట రాలేదని, చేతిలో పైసలు లేవని, మూడు సంగతులూ. “కాలం మంచిగైతే బిడ్డ పెండ్లి చేస్త” అంటే ఒక ఇంటి ఏడాది ప్రణాళిక అంతా. పక్క క్రియ మారిస్తే, “కాలం చేసిండు” అంటే మనిషి పోయాడని. ఒక్క నామవాచకానికి ‘అవు’ అతికిస్తే బతుకు, ‘చేయు’ అతికిస్తే చావు. ఇంత చిన్న మార్పుతో ఇంత దూరం నడవగలగడం చూస్తే నాకు ఎప్పుడూ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

కాలం కాకపోతే ఏమవుతుంది? “కాలం గాలే అక్కా, ఏం జేస్తరు, పొట్ట చేతబట్టుకొని బొంబాయి పోయిండ్రు.” దేశమంతా ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర ‘పాలమూరు లేబర్’ అన్న పేరు ఎందుకు పుట్టిందో ఈ ఒక్క వాక్యం చెబుతుంది. పత్రికలు వలస అని రాస్తాయి. ఇంటివాళ్లు ‘బతకనీకి పోయిండు’ అంటారు. ఆ ‘నీకి’తో, పోయింది బతకడానికేనని నొక్కి చెబుతారు.

పొట్ట చేతబట్టుకోవడంలోని బొమ్మను కాసేపు చూడండి. బయలుదేరే మనిషి చేతిలో మూట ఉంటుంది, ముంత ఉంటుంది, బిడ్డ ఉంటుంది. ఈ మాట వాటన్నిటినీ తీసేసి చేతిలో పొట్టను పెట్టింది. మోసుకుపోతున్నది ఆస్తి కాదు, ఆకలే. ఆకలిని ఊళ్లో వదిలి పోలేడు కూడా, అది చేతిలోనే ఉంది. ఇంగ్లిష్‌లో తోడేలును గుమ్మం దాకా రానివ్వకపోవడం అని ఒక పాత మాట ఉంది. దానికి అర్థం ఆకలితో చావకుండా నెట్టుకురావడం. ఆ మాటలో ఆకలి బయటి జంతువు, మనిషికి ఇల్లు ఉంది, తలుపు ఉంది, వేసుకోవడానికి గడియ ఉంది. పాలమూరు మాటలో ఇల్లు వెనకే ఉండిపోయింది.

ఈ జాతీయం ఎక్కడా నిలబడదు, అది గమనించారా? “వాడు పొట్ట చేతబట్టుకున్నడు” అని వాక్యం ముగించి చూడండి. ఎవరూ అనరు. ‘పట్టుకొని’ అనే అసమాపక రూపంలోనే వస్తుంది, వెనకాల పోయిండు, వచ్చిండు, బయలెల్లిండు అని నడక క్రియ రావలసిందే. అంటున్న మనిషికి ఆ నియమం ఉందని తెలియదు, అయినా తప్పడు.

ఇటువంటి నియమాల్ని ఊళ్లలో తిరిగి విని, పట్టుకుని, పుస్తకంలో పెట్టిన మనిషి రవ్వా శ్రీహరి. 1943లో పాత నల్లగొండ జిల్లా వలిగొండ దగ్గరి వెల్వర్తిలో పుట్టారు. సంస్కృతం చదువుకున్నారు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులయ్యారు, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా పనిచేశారు. 2023లో కన్నుమూశారు. సూర్యరాయాంధ్ర నిఘంటువులోకి ఎక్కకుండా మిగిలిపోయిన మాటల్ని ఏరి ‘శ్రీహరి నిఘంటువు’ చేశారు. నాకు మాత్రం ఆయన రెండు చిన్న పనులు ఎక్కువ ఇష్టం. ఒకటి నల్లగొండ జిల్లా ప్రజల భాషలో మాటలు, మార్పుల మీద రాసింది. రెండోది ‘తెలంగాణ మాండలికాలు – కావ్య ప్రయోగాలు’. మోటు అని కొందరు తోసిపుచ్చిన మాటల్ని పట్టుకుని, పాత కావ్యాల్లో అవే ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించారు. వాదించడానికి గొంతు పెంచలేదు, ప్రయోగం చూపించి ఊరుకున్నారు. నల్లగొండ అమ్మమ్మ మాటకు కావ్యంలో సాక్ష్యం పలికించడం కన్నా గట్టి జవాబు ఏముంటుంది!

గద్వాల వైపు ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి దీనికి ముందే మరో దారి వేశారు. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన ఆయన, 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించారు. రాజుల పేర్ల కన్నా జనం తిండి, బట్ట, ఆట, నమ్మకాల వెంట నడిచిన చరిత్ర అది. దానికి ఆయన కావ్యాల్నీ, సామెతల్నీ సాక్ష్యాలుగా తీసుకున్నారు. 1955లో తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి ఈ పుస్తకానికే వచ్చింది. అప్పటికి ఆయన లేరు.

ఈ ముగ్గురి పని, వాళ్లకన్నా ముందు కార్ చేసిన జంటల పని కలిస్తే మన బడిపిల్లలకు కావలసిన పుస్తకం తయారవుతుంది. ఒక్కో జాతీయానికి ఒక పుట చాలు. ఉదాహరణకు ‘పొట్ట చేతబట్టుకొని’ పుటలో ఇలా రాయవచ్చు. రూపం: ఎప్పుడూ ‘కొని’తోనే, వెనక నడక క్రియ. ఎవరంటారు: ఊళ్లో మిగిలినవాళ్లు పోయినవాళ్ల గురించి, పోయినవాళ్లు తమ గురించి, పరాయి ఊళ్లో పని అడిగేటప్పుడు. గొంతు: జాలి, ఒక్కోసారి వేడుకోలు, వెక్కిరింతకు పనికిరాదు. ఎప్పుడు అనరాదు: పెద్ద జీతానికి అమెరికా పోయిన ఇంజినీరు గురించి. ఇంగ్లిష్ జోడీ: తోడేలు మాట దగ్గరిది, కానీ అది ఇంట్లో ఉన్నవాడిది, దారిలో ఉన్నవాడి మాట ఇంగ్లిష్‌లో వెతకాలి, దొరక్కపోతే ఆ గడి ఖాళీగా ఉంచాలి.